ఎనభై మూడు మెట్లు

అడ్డగుట్ట మీద మా ట్యూషన్ గదికి
ఎనభై మూడు మెట్లని
వచ్చిన మొదటిరోజే చెప్పింది ఆమె.
పుట్టినకాడ్నుంచి ఎక్కుతున్న,
నాకు తెల్వదు.
బిందె చంకల ఉన్నప్పుడు
మెట్లు లెక్కకు రావు, మోకాళ్లకొస్తయి.

పేరు అనెకె. హాలండు.
వాళ్ల ఊరి పేరు పలకాలంటే
గొంతుల ఇరికిన చేపముల్లును
కక్కినట్టు చెయ్యాలె.
పోరగాళ్లు రెండుసార్లు కక్కి చూసి
ఊరిని వదిలేసి మనిషిని పట్టుకున్నరు.
సాయంత్రానికి అనక్క.
వరస కలిపిందెవరు అంటే, ఏమో,
ఆ పేర్ల అక్క ముందునుంచే ఉన్నదంటరు.

ఆరు వారాలు.
నాది దుబాసి పని, రోజుకు నాలుగు వందలు.
ఆమె మాట ఇటు, వీళ్ల మాట అటు
మోసుడే.
మోసేటోళ్లకు ఎరుకే,
నిండు బిందె ఎత్తుకున్నా
గడప కాడికొచ్చేసరికి జర తొణుకుతది.
కొన్నిమాట్ల నేనే
కావాల్నని తొణికించిన.

"పొద్దున ఏం తిన్నడో అడుగు" అన్నది.
యాదగిరి గోడ దిక్కు చూసి
"మటన్ బిర్యానీ" అన్నడు.
గదంత నవ్విండ్రు. వాడూ నవ్విండు.
"తిన్నడట" అన్న నేను.
బిర్యానీ ఆమెదాకా పోలే.

రెండో వారం, జామకాయ.
ఉప్పుకారం అద్దింది, ఒక్కటే.
అంగీ కొస దానికి చుట్టి
బట్టమీద నుంచే కటుక్కున కొరికి
సగం ఆమె చేతికిచ్చిండు యాదగిరి.
ఏం చేసిండు వీడు? అన్నది.
కాకెంగిలి అన్న.
అంటే?
ఇంగ్లీషుల కాకి ఉన్నది, ఎంగిలి లేదు.
ఉమ్మి అంటే చెయ్యి వెనక్కి తీసుకున్నది.
కాదు కాదు, ఉమ్మి అంటనిది, కాకిది అన్న.
కాకి ఏడున్నది అన్నది.
ఆమె సంచికి వేలాడే శానిటైజర్ సీసా
అటూఇటూ ఊగుతున్నది.
పోరడు ఆమె నోటిదిక్కే చూస్తున్నడు,
పేపర్లు దిద్దే సారు లెక్క.
కొరికింది.
కారానికి కండ్లు ఎర్రగయినయి.
వాడు పాస్ చేసిండు.

ఐదో వారం
పెద్దయితే ఏమైతరని అందర్ని అడిగింది.
పోలీసు, డాక్టరు, ఆటో, మళ్లా పోలీసు.
నస్రీన్ లేచి నిలబడ్డది.
తొమ్మిదేండ్లు, ముందరి పండ్లు కొత్తవి.
"నేను అనక్క నౌకరి చేస్త.
విమానమెక్కి పోవాలె,
పిల్లలకు పాట నేర్పాలె, బొమ్మలు గీపియ్యాలె,
వాళ్లు ఏడ్సేటప్పుడు ఇంటికొచ్చెయ్యాలె."
టీచరైతదట, అన్న నేను.
అక్కడికే ఆగితే బాగుండు.
"మీ ఊర్ల గరీబు పిల్లలుంటరా అక్కా?
నేనొస్త. ఆరు వారాలు."

ఇది మాత్రం
చుక్క పోకుండ మోసిన.

అనెకె చానాసేపు చాక్‌పీసును
ముక్కలు ముక్కలు చేసింది.
ఉంటరు అన్నది.
మా గల్లీ చివర్నే ఒక పాత బిల్డింగు,
ఎక్కడెక్కడి దేశాలోళ్లో ఉంటరు.
చలికాలం కూడా పిల్లలు సాక్సులు లేకుండ
మెట్ల మీద కూసుంటరు.
నేనెప్పుడు లోపలికి పోలే.

నస్రీన్‌కు ఒక్కటే డౌటు.
"ఎన్ని మెట్లు?"

"తెల్వదు" అన్నది ఆమె, తెలుగుల.
నేర్చుకున్న నాలుగు మాటలల్ల
అదొకటి.

ఆమె పోయిన రాత్రి ఆటో నేనే మాట్లాడిన.
శంషాబాద్ దాక పిల్లలొస్తమన్నరు, రానియ్యలే.
జులైల ఇంకో ఆయన వస్తడట, డెన్మార్కు.
పోరగాళ్లు అప్పుడే ఆ పేరుకు
వరస దేవులాడుతున్నరు.

తెల్లారి నల్లా వంతు మాదే.
బిందెతోని ఎక్కుకుంట
ఎందుకో లెక్కబెట్టిన.
ఎనభై నాలుగు.
బిందె దించి, మళ్ల కిందికి దిగి, మళ్ల ఎక్కిన.
ఎనభై నాలుగే.
పైనుంచి పన్నెండోది అంచు విరిగి ఉన్నది,
దాన్ని దాటి కాలేసినట్టుంది, రోజూ.
మేమైతే దానిమీదనే జరసేపు ఆగి
బిందె ఈ చంకల నుంచి
ఆ చంకకు మార్చుకుంటం.